పదిహేడు చుక్క ఎనిమిది

నవంబర్ 3

ఈ రోజు నుంచి అర్థం కాని దేన్నీ వాడను. రాసి పెడుతున్నాను, రేపు మాట మార్చకుండా.

మహాంతేశ్ అన్న షాపులో కాటాల రిపేరు తప్ప వేరే పని తగిలి చాలా కాలమైంది. ఇవాళ తగిలింది. మాన్వి రోడ్డులో వడ్ల యార్డు ఉంది కదా, అక్కడికి ఒక బోర్డు కావాలట. వడ్లలో తేమ ఎంతుందో మీటరు చెప్పగానే ఆ అంకె పైన ఎర్రగా, పెద్దగా వెలగాలి. అందరికీ కనబడాలి. అన్న పని నాకూ, షాపులో నాతో పనిచేసే హేమకూ అప్పగించాడు. హేమ వైర్లు, నేను ప్రోగ్రాం.

నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటే ఇన్నాళ్లూ అక్కడ ఏం జరుగుతోందో నాకు తెలుసు. మీటరు పట్టేది హనుమన్న మామ. మా గల్లీ మనిషే, అమ్మ ఆయన్ని అన్నా అంటుంది. గిన్నెలో వడ్లు పోసి, మీటరు తెర మీద తువ్వాలు కప్పి, తనొక్కడే వంగి చూసి, ఆ తువ్వాలు కిందే కొనేవాడి చేయి పట్టుకుని వేళ్లతో అంకె చెబుతాడు. ఎడ్ల సంతలో బేరం లాగా! రైతు ఎదురుగా నిలబడి తువ్వాలును చూస్తుంటాడు. పంట తనది, తేమ తనది, అంకె మాత్రం తనకు కనబడదు. పదిహేడున్నర దాటిందంటే బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. అసలు హద్దు పదిహేడే, ఆ మీది అర శాతాన్ని చూసీ చూడనట్టు వదిలేయడం యార్డు వాడుక. దాటిందో లేదో చెప్పేది హనుమన్న మామ వేళ్లు.

బస్టాండు దగ్గర కొన్న చిన్న పుస్తకంలో ఉంది: రహస్యం ఉన్నచోటే దోపిడీ ఉంటుంది. నా తొలి పోరాటం ఒక బోర్డు రూపంలో వచ్చింది.

నవంబర్ 5

చిప్‌లో జాగా తక్కువ. అంకెల్ని రాయడానికి సిద్ధంగా దొరికే ఫంక్షన్ ప్రింటెఫ్‌కు దశాంశం ఇస్తే బోర్డు మీద ఒక ప్రశ్న గుర్తు వెలిగింది, అంతే. దశాంశాలు రాసే పెద్ద ప్రింటెఫ్ పెడితే మిగతా ప్రోగ్రాం పట్టదు. అయితే నేనే ఒకటి రాస్తాను అన్నాను. చిన్నది. మూడే పనులు: అక్షరం, మాట, పూర్ణసంఖ్య. మీటరు ఎలాగూ తేమను నూరుతో హెచ్చించి పంపుతుంది. పదహారుంపావు అయితే 1625 అని వస్తుంది. దాన్ని నూరుతో భాగిస్తే చుక్కకు ముందుది, శేషం చుక్కకు తర్వాతిది. రెండు పూర్ణసంఖ్యలు, మధ్యలో చుక్క. అయిపోయింది.

హేమ నా భుజం మీది నుంచి చూస్తూ అంది, “వెడల్పు గూడ పెట్టు, ఎన్ని అంకెలు వెలగాలెనో. ముందర సున్నాలు నింపేది గూడ పెట్టు. అసలు దాంట్ల ఉంటది గద.”

“అదంతా షోకు,” అన్నాను. “విలువ లేని చోట సున్నాలు నింపుడు, ధనవంతులు ఇంటి ముందర ఖాళీ గదులు కట్టినట్టు. నా ఫంక్షన్ ఉన్న అంకెను ఉన్నట్టు రాస్తది.”

“అంకెకు గూడ పార్టీ పెట్టినవా?”

“అర్థం కాని కోడ్ వాడుకునుడు బానిసత్వం, హేమా.”

“అట్లయితే రేపట్నించి బస్సు గూడ ఎక్కకు. ఇంజను అర్థమయ్యేదాంక నడిచిపో.”

ఫంక్షన్‌కు ‘నిజం’ అని పేరు పెట్టాను.

నవంబర్ 8

1625 ఇస్తే 5261 వస్తోంది.

పదితో భాగిస్తూ పోతే చివరి అంకె ముందు చేతికి వస్తుంది. తెలుసు. తిరగేయాలి. తిరగేశాను. ఇప్పుడు 1625 సరిగానే వస్తోంది కానీ దాని వెనకాల ఏదో పిచ్చి గుర్తు వెలుగుతోంది. అది ఎక్కడిదో తెలియదు.

నవంబర్ 9

ఏమీ అర్థం కావడం లేదు.

నవంబర్ 10

పిచ్చి గుర్తు సంగతి తేలింది. మాట ఎక్కడ ఆగాలో నేను చెప్పలేదు. చెప్పనిదే ఆగదట.

కానీ ఇంకోటి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఫంక్షన్‌కు ఎన్ని విలువలు ఇచ్చామో, అవి ఏ రకానివో, దానికి తెలియదు! ముందు ఇచ్చిన నమూనాను చదువుతుంది. అందులో శాతం గుర్తు పక్కన డి ఉంటే, పూర్ణసంఖ్యే వచ్చి ఉంటుందని నమ్మి చేయి చాపుతుంది. అక్కడ ఏముంటే అదే పూర్ణసంఖ్య అనుకుని తెచ్చుకుంటుంది. ఏమీ ఇవ్వకపోయినా ఏదో ఒకటి తెస్తుంది. సరిచూసుకోవడం అనేదే లేదు. కాగితం మీద రాసిందే లోకమా? హేమతో గంటసేపు వాదించాను.

“ఏం జేయాలె మరి? నమ్మకుంటే పనెట్ల అయితది?” అంది.

ఇది నాకు జవాబులా అనిపించలేదు.

నవంబర్ 14

అయింది! 1625, 1750, 1482, 1933. అన్నీ చక్కగా వచ్చాయి. మహాంతేశ్ అన్న టీ తెప్పించి, “ఆయ్తు బిడప్పా, అయింది పో, నీ నిజం బాగుంది. జర నోరు గూడ గిట్లనే సాఫ్‌గుంటే నాకు ఇంకిద్దరు గిరాకీలు మిగులుతరు,” అన్నాడు. ఆయన ఎప్పుడూ ఇంతే.

నవంబర్ 17

యార్డులో బోర్డు ఎక్కించాము. నేను ఇంకో పని కూడా చేశాను. మీటరు మీద చిన్న తెర ఉంటుంది కదా, దాని మీద నల్లటేపు అంటించేశాను. పైన బోర్డు ఉండగా కింద ఒక మనిషి కోసం వేరే తెర ఎందుకు? అందరికీ ఒకటే అంకె.

హనుమన్న మామ తువ్వాలు భుజాన వేసుకుని చూస్తూ నిల్చున్నాడు. “నా కండ్లకు గంతలు గడుతున్నవా అల్లుడూ?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

“నీ ఒక్కని కండ్లకే మామా. మిగతా అందరియి ఇవాళ తెరుచుకుంటయి,” అన్నాను. రైతులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

నవంబర్ 20

రోజూ వెళ్లి చూస్తున్నాను. షాపు పని ఉందని అన్న గొణుగుతున్నాడు. గొణగనీ.

నవంబర్ 25

కోపం ఇంకా దిగలేదు.

ఇడపనూరు నుంచి ఉలిగెమ్మ అనే ఆమె నిన్న వడ్లు తెచ్చింది. కౌలు సేద్యం, భర్త లేడు, తనే దున్నించుకుని తనే కోయించుకుంది. బోర్డు 17.62 చూపింది. కుదరదన్నారు. ఆమె మారు మాట్లాడకుండా యార్డు బయట సిమెంటు మీద వడ్లన్నీ పరిచింది. ఇవాళ నిప్పులు చెరిగే ఎండ. సాయంత్రం మళ్లీ తెచ్చింది. బోర్డు: 17.8.

ఎండబెడితే తేమ పెరుగుతుందా?

“ఇదేందప్పా?” అంది ఉలిగెమ్మ నన్ను చూసి. “పొద్దంత కాళ్లతోని తిరగేసిన. పాదాలు బొబ్బలెక్కినయ్. నిన్నటికంటె ఎక్కువెట్లైతది?”

గిన్నెలో వడ్లు పోసింది ఎవరు? హనుమన్న మామ. పిడికిట్లో పట్టుకుని పోసింది ఎవరు? హనుమన్న మామ. తువ్వాలు పోయాక మనిషి ఇంకో దారి వెతుక్కోడా? అరిచాను. చేయి తడి చేసుకుని వడ్లు పట్టుకున్నాడని అందరి ముందూ అరిచాను.

ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. “చూడు, పొడిగున్నయి.”

“ఇప్పుడు తుడుసుకున్నవు!”

“అరె, నీ బోర్డే గలత్ చూపిస్తుంది నిఖిలేశూ. గా టేపు పీకి మీటరు తెర చూడు. ఖతం అయితది.”

“టేపు పీకితే నీ తువ్వాలు గూడ మళ్ల వస్తది గద మామా! గందుకే గద నీ తండ్లాట!”

జనం ఒక్కసారిగా భగ్గుమన్నారు. ఏళ్లుగా వెనక్కి తిప్పిన బండ్లన్నీ అందరికీ ఒకేసారి గుర్తొచ్చాయి. కమిటీ పెద్దమనిషి వచ్చి, “హనుమన్నా, రేపట్నించి నువ్వు రావద్దు. గీ లొల్లి తేలేదాంక ఇంటికాడనే ఉండు. తేలకుంటే ఇంకొకర్ని చూసుకుంటం,” అన్నాడు. ఆయనకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. నాకు తెలుసు. తెలిసీ గెలిచాననే అనుకున్నాను.

ఉలిగెమ్మ వడ్లు మళ్లీ ట్రాక్టరుకు ఎత్తించుకుని ఇడపనూరు వెళ్లిపోయింది. ఆమె పక్షాన నిలబడ్డాను కదా, ఒక్కసారైనా నా వైపు చూస్తుందనుకున్నాను.

నవంబర్ 26

అమ్మ కంచం నా ముందు ఠప్పున పెట్టింది.

“మా అన్న చేతికి తడి ఉండెనో లేదో నాకు తెల్వది. నీ నోటికి అడ్డు లేదన్నది మాత్రం గల్లీ అంతటికీ తెల్సింది.”

“న్యాయం చుట్టరికం చూడదమ్మా.”

“తిను,” అంది.

నవంబర్ 27

మీటరు పట్టడానికి మనిషి దొరికేదాకా నన్నే పట్టమన్నారు. పట్టాను! గిన్నె అందరికీ చూపించి మరీ పోశాను. 16.44, 15.71, 17.20. ఎవరూ నోరు మెదపలేదు. నిజాయితీ గల చేయి అంటే ఇదీ.

నవంబర్ 29

ఇవాళ నా చేతి కింద 17.9 వచ్చింది.

అంతకుముందు అదే బండిలోంచి తీసిన గిన్నె 17.13. రెండో గిన్నె 17.9. మూడోది పోద్దామంటే రైతు ఆపి నా అరచేయి పట్టుకుని చూశాడు. “లీడరూ, నీ చెయ్యి గూడ తడేనా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండు గిన్నెల్లో ఎక్కువదే లెక్క అని యార్డు రూలు. బండిని వెనక్కి పంపాను.

చేయి పొడిగానే ఉంది. ప్యాంటుకు తుడుచుకున్నాను కూడా.

నవంబర్ 30

చెమట అయి ఉండాలి.

కాదు, చెమట కాదు. బండి లోపలి వడ్లకు తేమ ఎక్కువ ఉంటుంది కదా. కానీ పైన పదమూడు కింద తొంభయ్యా? కరెంటు సరిగా రావడం లేదేమో. కొనేవాళ్లు ఎవరో వైరు కదిలించి ఉంటారు. బోర్డు వచ్చాక నష్టపోయింది వాళ్లే కదా. అవును, అదే. రేపు వైరు చూడాలి.

హనుమన్న మామ చేయి తడే. ఆ రోజు తడే. ఇవాళ్టిది వేరు.

డిసెంబర్ 1

వైరు బాగానే ఉంది. షాపులో కూర్చుని హేమకు మొత్తం చెప్పాను. ఆమె సోల్డరింగ్ ఆపి వింది.

“ఉలిగెమ్మకు ఎంత వచ్చింది?”

“పదిహేడు చుక్క ఎనిమిది.”

“నీ చేతి కింద?”

“పదిహేడు చుక్క తొమ్మిది.”

“చుక్క తర్వాత ఎన్ని అంకెలు వెలిగినయ్?”

“ఒకటి.”

“రోజూ ఎన్ని వెలుగుతయ్?”

“రెండు. ఎందుకు?”

“పదిహేడు మీద తొంభై అయితే నీ నిజం ఏం రాయాలె?”

“పదిహేడు, చుక్క, తొంభై.”

“మరి ఆ ఒంటి తొమ్మిది ఎక్కడ్నించి వచ్చింది నిఖిలేశ్?”

బోర్డుకు వాడే చిప్ ఒకటి బల్ల మీదే ఉంది. దానికి 1709 ఇచ్చాను. నూరుతో భాగిస్తే పదిహేడు. శేషం తొమ్మిది. తొమ్మిది ముందు ఉండాల్సిన సున్నాను నా ఫంక్షన్ రాయలేదు. రాయొద్దని నేనే అన్నాను. ఉన్న అంకెను ఉన్నట్టు రాసింది. 17.9.

అసలు తేమ 17.09. పదిహేడున్నరకు చాలా లోపల. ఉలిగెమ్మది 17.08. ఎండలో పొద్దంతా ఎండి, ఎంత తగ్గాలో అంత తగ్గింది.

15.04 వచ్చినప్పుడూ ఇలాగే 15.4 అని చూపి ఉంటుంది. అదెలాగూ హద్దులోపలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేను పరీక్షించిన అంకెల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు. టేపు లేకపోతే మొదటి రోజే దొరికేది. టేపు వేసింది నేను.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదా అని చుట్టూ చూశాను. షాపులో హేమ తప్ప ఎవరూ లేరు.

సవరించడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

డిసెంబర్ 2

యార్డుకు వెళ్లి బోర్డులో కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. ఏమైందని అడిగితే వైరు లూజైందని చెప్పాను.

ఇది అబద్ధం కాదు. వైరును కూడా కాస్త బిగించాను.

డిసెంబర్ 3

నిన్న రాత్రి పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. దోచుకునేవాడి గురించి ఉంది, దోపిడీకి గురైనవాడి గురించి ఉంది. నా గురించి ఎందులోనూ లేదు.

పొద్దున్నే హనుమన్న మామ ఇంటికి వెళ్లాను. యార్డులో ఉండాల్సిన వేళలో ఆయన దండెం మీద బట్టలు ఆరేస్తున్నాడు. లోపలి నుంచి ఆయన భార్య భీమవ్వ అత్త గొంతు వినిపించింది. “వచ్చిండా జడ్జి సాబు? కుర్చీ వేయుండ్రి!” ఎవరూ వేయలేదు.

నిలబడే చెప్పాను. భాగించడం, శేషం, సున్నా, అన్నీ. ఆయన దండెం మీది చీర అంచు సరిచేస్తూ విన్నాడు.

“అంటే నా చెయ్యి తడి కాదు.”

“కాదు మామా.”

“నేను టేపు పీకమంటే పీకలే నువ్వు.”

“పీకలే.”

“ఈ మాట యార్డుల చెప్తవా, నా దండెం కాడనేనా?”

చెబుతానన్నాను. అక్కడితో ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకోదు. “గాని మామా, తువ్వాలు కింద నువ్వు అబద్ధం చెప్పలేదా?” అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. “నువ్వు ఏ కేసు మీద వచ్చినవురా? గీ కేసా, గా కేసా?”

“రెండూ.”

“చెప్పిన. ఒకనికి పెంచిన, ఒకనికి తగ్గించిన. ఎవనికి పెంచిన్నో, ఎవనికి తగ్గించిన్నో నీకు చెప్ప. నా ఇమాన్ సంగతి నేను చూసుకుంట. నువ్వు నీ సున్నా సంగతి చూసుకో.”

ఆయన మోసం చేసినవాడే. కానీ ఈ మోసం చేయలేదు. చేయని మోసానికి ఇంట్లో కూర్చున్నాడు, చేసినవాటికి ఏళ్లపాటు యార్డులో నిలబడ్డాడు. నేను ఇప్పుడు ఎవరి పక్షాన మాట్లాడాలి? ఎన్నిసార్లు రాసుకున్నా వాక్యం పూర్తికావడం లేదు.

డిసెంబర్ 4

చెప్పాను.

వడ్ల బస్తా మీదికెక్కి, తప్పు బోర్డుది, బోర్డులో ప్రోగ్రాం నాది, హనుమన్న చేయి పొడిగానే ఉందని చెప్పాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు.

“ఏం తినిపించిండురా హనుమన్న నీకు?” అని ఎవరో అన్నారు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లే. “మేనమామ వరస గద, రాజీ అయ్యిండ్రు!” అని ఇంకొకరు. కోపం నెత్తికెక్కింది. టేపు పీకి, గిన్నెలో వడ్లు పోసి, మీటరు తెరనూ బోర్డునూ పక్కపక్కన చూపించాను. రెండిట్లోనూ ఒకే అంకె. “మిషన్ నీదే, నువ్వెట్లంటే అట్ల చూపిస్తది,” అన్నారు. నిజమే, నేనెలా అంటే అలాగే చూపిస్తుంది.

ఉలిగెమ్మ అక్కడే ఉంది. మళ్లీ ఎండబెట్టి మళ్లీ తెచ్చింది. జనాన్ని తోసుకుని నా బస్తా దగ్గరికొచ్చింది.

“గవన్నీ వద్దు. ఆ దినం నా వడ్లు ఎండినయా, లేదా? ఒక్క మాట చెప్పు.”

“ఎండినయమ్మా.”

“నేను గా దినమే చెప్పిన. పాదాలు గూడ చూపించిన. ఎవరన్న విన్నరా? నువ్వు విన్నవా?”

తల దించుకున్నాను.

“మళ్ల ఎండబెడితే గింజ పగిలింది. మిల్లుల పోస్తే నూక అయితదని వీళ్లిప్పుడు ముక్కు విరుస్తున్నరు. గిది ఎవరి తప్పు కింద రాసుకోవాలె?”

“నాదే.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. తర్వాత కమిటీ పెద్దమనిషి వైపు తిరిగింది. “నా వడ్ల సంగతి నాకు తెల్సు. ఈ పోరడు ఇవాళ అబద్ధం ఆడుతలేడు. హనుమన్నను పిలువుండ్రి. మనిషి తప్పు చేస్తే మొఖం మీద తిట్టొచ్చు. గా బోర్డు మీద వెలిగే ఎర్రబుగ్గలను ఎట్ల తిట్టాలె?”

నవ్వులు. ఆ నవ్వుల్లోనే పెద్దమనిషి తల ఊపాడు.

నేను బస్తా దిగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సరే.

డిసెంబర్ 8

హనుమన్న మామ వచ్చాడు. తెరకు టేపు లేదు, తువ్వాలు కూడా లేదు. ఆయన గిన్నె పోస్తాడు, మీటరులో, బోర్డులో ఒకే అంకె వెలుగుతుంది. నేను కోరింది ఇదే. ఇంతకంటే ఎక్కువేమీ కోరలేదు.

కానీ ఇవాళ పొద్దున్నుంచీ చూస్తున్నాను. అంకె వెలగగానే రైతు బోర్డును ఒకసారి చూసి వెంటనే ఆయన వైపు తిరుగుతున్నాడు. “హనుమన్నా, నిజమేనా?” కొనేవాళ్లు కూడా, “హనుమన్నా, పక్కానా?” ఆయన తల ఊపితేనే బండి ముందుకు కదులుతోంది. ఊపకపోతే ఆగుతోంది. తువ్వాలు కింద ఒకరి చేయి పట్టుకునేవాడు, ఇప్పుడు అందరి ముందూ తల ఊపుతున్నాడు.

“నన్నేంది అడుగుడు? బోర్డు జూడుండ్రి,” అంటాడు విసుక్కుంటూ. అని, కాసేపాగి తల ఊపుతాడు. ఆ కాసేపు యార్డు మొత్తం ఊపిరి బిగబడుతుంది. ఆయనకది తెలుసు.

బోర్డు తప్పు చెబుతుందని యార్డుకు నేర్పింది నేనే. ఇప్పుడు తప్పు చెప్పడం లేదని ఎలా నేర్పాలో తెలియడం లేదు. ఇది ఓటమో, ఇంకేదో కూడా తెలియడం లేదు.

మధ్యాహ్నం ఒక గిన్నెకు 17.04 వచ్చింది. సున్నా ఉంది. నాలుగుకు ముందు, ఎర్రగా, స్పష్టంగా ఉంది. సవరించింది నేను, పరీక్షించింది నేను. ఆ అంకె సరైనదని ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

అయినా నా కళ్లు బోర్డు మీద నిలవలేదు. హనుమన్న మామ ముఖం మీదికి వెళ్లాయి. ఆయన తల ఊపేదాకా అక్కడే ఉన్నాయి.